జాడ తీసేవాడి కళ్లు: డేవిడ్ గుల్పిలిల్ నటనా జీవితం

2002లో వచ్చిన ‘రాబిట్ ప్రూఫ్ ఫెన్స్’ సినిమాలో మూడూ అనే పాత్ర ఉంటుంది. కథ 1931 నాటిది. పశ్చిమ ఆస్ట్రేలియాలో అధికారులు తల్లుల దగ్గర నుంచి లాక్కుపోయి శిబిరంలో పెట్టిన ముగ్గురు ఆదివాసీ ఆడపిల్లలు అక్కడి నుంచి పారిపోతారు. వాళ్ల అడుగులు చూసి, జాడ తీసి, వెనక్కి పట్టుకురావడం మూడూ ఉద్యోగం. సినిమా మొత్తంలో అతను మాట్లాడే మాటలు చాలా తక్కువ. గుర్రం మీద నుంచి నేలను చూస్తాడు. దిగి, వంగి మట్టిని చూస్తాడు. తలెత్తి దూరంగా చూస్తాడు. పిల్లలు ఎటు పోయారో ఇతనికి తెలిసిందా లేదా అన్నది పక్కనున్న పోలీసుకు అంతుపట్టదు. చూస్తున్న మనకు మాత్రం మెల్లగా అనుమానం మొదలవుతుంది. ఇతనికి తెలిసింది, కానీ నోరు మెదపడం లేదు.

మూడూ కూతురు కూడా ఆ శిబిరంలోనే ఉంటుంది. తన బిడ్డను బందీగా ఉంచిన వాళ్ల కోసం ఇంకొకరి బిడ్డలను వెతకాలి. ఈ సంగతిని సినిమా డైలాగుల్లో పెద్దగా చెప్పదు. ఆ నటుడి కళ్లలో పెట్టి వదిలేస్తుంది. ఆయన పేరు డేవిడ్ గుల్పిలిల్.

ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న ఆర్న్‌హెమ్ లాండ్ ఆయన సొంత ప్రాంతం. యోల్ంగు జనంలో మంధల్‌పుయ్ంగు తెగ వాడు. పుట్టిన తేదీ 1953 జూలై 1 అని రికార్డుల్లో ఉంది గానీ అది మిషనరీలు అంచనాగా వేసినది. గుల్పిలిల్ అంటే ఆయన భాషలో లకుముకి పిట్ట. 1971 నుంచి 2021 దాకా, యాభై ఏళ్ల పాటు ఆయన తెర మీద కనిపిస్తూనే ఉన్నారు. ఆస్ట్రేలియా సినిమా గురించి ఎవరు మాట్లాడినా ఆయన పేరు తప్పకుండా వస్తుంది. ‘అడవి నుంచి అంతర్జాతీయ వేదికకు’ అనే తరహాలో ఆ జీవితాన్ని చెప్పడం కూడా మామూలే. ఆ వరసలో చెబితే అసలు విషయం చేజారిపోతుంది. ఆయన సినిమాలన్నీ వరుసగా చూస్తే తెల్లవాళ్లకు దారి చూపే మనిషి, జాడ తీసే మనిషి అనే ఒకే పాత్ర మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పరిశ్రమ ఆయనకు ఇచ్చింది ఎక్కువగా అదే. ఆ పాత్ర లోపలే ఉండి, దాని అర్థాన్ని ఆయన కొంచెం కొంచెంగా ఎలా మార్చారన్నదే అసలు చూడవలసిన సంగతి.

ట్రాకర్, అంటే జాడ తీసేవాడు, సినిమా వాళ్లు కల్పించిన పాత్ర కాదు. వలస పాలన కాలమంతా ఆస్ట్రేలియా పోలీసులు ఆదివాసులను ట్రాకర్లుగా పెట్టుకున్నారు. రాయి కాస్త జరిగినా, గడ్డిపరక వంగినా, ఆకు మీద దుమ్ము చెదిరినా అక్కడ ఎవరు నడిచారో, ఎంతసేపటి కిందట నడిచారో చెప్పగలిగిన వాళ్లు. 1864లో విక్టోరియా ప్రాంతంలో డఫ్ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు పొదల్లో తప్పిపోతే, తొమ్మిది రోజుల తర్వాత వాళ్లను ప్రాణాలతో కనిపెట్టింది ఆదివాసీ ట్రాకర్లే. వాళ్లలో డిక్ ఎ డిక్ అని పిలిచే ఒకతను ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత, 1868లో, ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లిన మొట్టమొదటి ఆస్ట్రేలియా క్రికెట్ జట్టులో అతను ఆటగాడు. కెప్టెన్‌ను మినహాయిస్తే ఆ జట్టు ఆదివాసులదే. మ్యాచ్ అయిపోయాక ప్రేక్షకులు అతని మీదికి బంతులు విసిరేవాళ్లు. సన్నటి డాలుతో అతను వాటిని తప్పించుకోవడం జనానికి ఒక వినోదం. తరతరాల విద్య ఒకచోట పిల్లల ప్రాణం కాపాడితే, ఇంకోచోట టికెట్ కొన్నవాళ్లకు కాలక్షేపమైంది.

జీతం దగ్గర కూడా ట్రాకర్లకు అన్యాయమే జరిగింది. 1879లో పేరుమోసిన బందిపోటు నెడ్ కెల్లీ ముఠాను పట్టుకోవడానికి క్వీన్స్‌లాండ్ నుంచి ట్రాకర్లను పిలిపించారు. ముఠా మీద ప్రకటించిన బహుమతి 8,000 పౌండ్లు. అందులో ఒక్కొక్క ట్రాకర్ వాటా 50 పౌండ్లు అని తేల్చి, ఆ కాస్త కూడా వాళ్ల చేతికివ్వకుండా ప్రభుత్వాల దగ్గరే ఉంచారు. ఇలాంటి వాళ్లకు డబ్బు వాడుకోవడం తెలియదన్నది చెప్పిన కారణం. తన మనుషులను తానే పట్టిచ్చే ఉద్యోగం, దానికి దక్కే కూలి ఇది. ఈ బరువంతా మోస్తున్న పాత్ర ఆస్ట్రేలియా సినిమాల్లో మాత్రం చాలాకాలం కథానాయకుడి గుర్రం పక్కన నడిచే నల్ల మనిషిగా మిగిలిపోయింది.

ఆ నల్ల మనిషి వేషం కూడా ఆదివాసికి దక్కేది కాదు. 1967లో వచ్చిన ‘జర్నీ అవుట్ ఆఫ్ డార్క్‌నెస్’ అనే సినిమాలో ఆదివాసీ ట్రాకర్‌గా నటించింది ఎడ్ డెవెరో. ఆయన తెల్లవాడు, ముఖానికి నల్లరంగు పూసుకున్నాడు. అదే సినిమాలో ఆదివాసీ ఖైదీగా కనిపించింది కమాల్ అనే గాయకుడు. ఆయన మలేషియాలో పుట్టిన తమిళుడు. ఒక ఆదివాసిని ఇంకొక ఆదివాసి తరిమే కథలో ఆ ఇద్దరిలో ఒక్కరూ ఆదివాసి కారు. ఆదివాసులను జనాభా లెక్కల్లో కలపడానికి ఆస్ట్రేలియా ప్రజలు ఓటు వేసింది కూడా అదే ఏడాది.

దీనికి ముందు ఒక మినహాయింపు ఉంది. 1955లో వచ్చిన ‘జెడ్డా’లో రొసాలీ కునోత్, రాబర్ట్ టుడవాలి అనే ఇద్దరు ఆదివాసులు ప్రధాన పాత్రలు చేశారు. ఆస్ట్రేలియా వాళ్లు తీసిన తొలి రంగుల కథాచిత్రం అదే. ఆ తర్వాత టుడవాలికి సరైన అవకాశాలు రాలేదు. 1967లో, నలభై ఏళ్లు నిండకుండానే పోయారు. మెచ్చుకుని పక్కన పెట్టేయడం ఎలా ఉంటుందో గుల్పిలిల్ కంటే ముందే ఒకరు అనుభవించారన్న మాట.

టీవీ ఇంకా వెనకబడి ఉంది. ‘బోనీ’ అనే సీరియల్ 1972లో మొదలైంది. అందులో డిటెక్టివ్ ఆదివాసీ తల్లికి పుట్టినవాడు, జాడ తీయడంలో దిట్ట. ఆ పాత్రకు నిర్మాతలు తీసుకున్నది జేమ్స్ లారెన్సన్ అనే న్యూజిలాండ్ తెల్ల నటుడిని. అదే సీరియల్లో కొన్ని ఎపిసోడ్లలో చిన్న వేషాలు వేసింది గుల్పిలిల్. అప్పటికే ఆయన మొదటి సినిమా ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ఆడింది. నిజంగా జాడ తీయగలిగిన మనిషి పక్క వేషంలో నిలబడితే, రంగు పూసుకున్న మనిషి మధ్యలో నిలబడ్డాడు. తెలుగు ప్రేక్షకులకు ఇది మరీ వింతగా ఏమీ అనిపించదు. గోండు వీరుడు కొమురం భీమ్ పేరుతో ఉన్న పాత్రను ‘ఆర్ఆర్ఆర్’లో ఎన్టీఆర్ చేశారు. ఆదివాసీ కథలు మన తెర మీదికి కూడా వస్తాయి. ఆదివాసీ నటులు వాటిలో కథానాయకులుగా రావడం మాత్రం ఇక్కడా అరుదే.

ఇక ఆ మొదటి సినిమా సంగతి. ఇంగ్లండ్ దర్శకుడు నికలస్ రోగ్ ‘వాకబౌట్’ కోసం ఒక ఆదివాసీ కుర్రవాడిని వెతుకుతూ ఆర్న్‌హెమ్ లాండ్‌లోని మానింగ్రిడాకు వచ్చాడు. అక్కడ నాట్యానికి పేరున్న ఒక పదహారేళ్ల కుర్రవాడు కనిపించాడు. అప్పటికి గుల్పిలిల్‌కు ఇంగ్లీషు పెద్దగా రాదు. 1971లో సినిమా విడుదలైనప్పుడు తెర మీద ఆయన పేరు కూడా తప్పుగా పడింది, ‘గుంపిలిల్’ అని.

ఎడారిలో దిక్కు తోచక తిరుగుతున్న ఒక తెల్ల అమ్మాయికి, ఆమె తమ్ముడికి ఈ కుర్రవాడు ఎదురవుతాడు. నీళ్లు చూపిస్తాడు, వేటాడి తిండి పెడతాడు, దారి చూపిస్తాడు. అతను మాట్లాడేదంతా తన భాషే. కింద సబ్‌టైటిల్స్ వేయలేదు. ఈ నిర్ణయాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఆ కుర్రవాడి మాట మనకు అక్కర్లేదని సినిమా అనుకున్నట్టు కనిపిస్తుంది. మరో పక్క, అతనికి ఒక పూర్తి లోకం ఉంది, అది మీకు అందదని చెప్పినట్టు కూడా ఉంటుంది. రెండో అర్థం నిలబడిందంటే కారణం గుల్పిలిల్. అర్థం కాని భాషలో కూడా అతను చమత్కరిస్తున్నాడని, విసుక్కుంటున్నాడని, ఇంకా చిన్నవాడైన ఆ తమ్ముడితో స్నేహం కుదిరిందని స్పష్టంగా తెలుస్తుంది. చివరలో ఒంటికి రంగులు పూసుకుని ఆ అమ్మాయి ముందు రాత్రంతా నాట్యం చేస్తాడు. ఆమె ఆ నాట్యాన్ని అర్థం చేసుకోదు, భయపడుతుంది. తెల్లారేసరికి అతను చెట్టుకు వేలాడుతూ ఉంటాడు.

ఆ నాట్యం గురించి కొంచెం ఆగాలి. గుల్పిలిల్ నటనకు వేరు అక్కడే ఉంది. ఆయన నటన పాఠశాలలో నేర్చుకున్నవాడు కాదు, తన తెగ తంతుల్లో ఆడి పెరిగినవాడు. ఆ నాట్యంలో కదలిక ఎంత ముఖ్యమో ఆగడం కూడా అంతే ముఖ్యం. కొంగలా, కంగారూలా ఆడే మనిషి ఒక్కసారిగా బిగుసుకుని నిలబడతాడు, మళ్లీ కదులుతాడు. ఆయన సినిమాలు ఏవి చూసినా ఈ ఆగడం కనిపిస్తుంది. మిగతా నటులు ఏదో ఒకటి చేస్తూ ఉంటారు. ఆయన ఆగిపోతారు. ఫ్రేములో ఆగిన మనిషి మీదికే మన కళ్లు పోతాయి. మాటలు ఇవ్వని పాత్రల్లో కూడా ఆయన గుర్తుండిపోవడానికి ఈ విద్యే కారణం.

తర్వాతి పదేళ్లలో అవకాశాలు వచ్చాయి. 1976లో ‘మ్యాడ్ డాగ్ మోర్గన్’లో డెనిస్ హాపర్ చేసిన బందిపోటుకు తోడుగా ఉండే బిల్లీ. అదే ఏడాది ‘స్టార్మ్ బాయ్’లో ఒంటరి పిల్లవాడికి, ఒక గూడబాతుకు స్నేహితుడైన ఫింగర్‌బోన్ బిల్. ఆస్ట్రేలియాలో ఒక తరం పిల్లలు ఈ సినిమా చూస్తూ పెరిగారు. 1977లో పీటర్ వీర్ తీసిన ‘ద లాస్ట్ వేవ్’లో హత్య కేసులో ఇరుక్కున్న క్రిస్ లీ. ఇందులో అతను సిడ్నీ నగరంలో ఉంటాడు, మామూలు బట్టలు వేసుకుంటాడు, అయినా అతని దగ్గర తెల్ల లాయరుకు అందని రహస్యం ఉంటుంది. ఈ మూడు సినిమాలూ మంచివే. కానీ మూడింటిలోనూ ఆదివాసి పని ఒక తెల్లవాడికి తోవ చూపడం, అతని కళ్లు తెరిపించడం. కథ ఆ తెల్లవాడిది. 1983లో ‘ద రైట్ స్టఫ్’లో అమెరికా వ్యోమగాముల కథ మధ్యలో ఆయన కాసేపు కనిపిస్తారు. భూమి చుట్టూ తిరుగుతున్న మనిషికి కూడా ఈ నేల మీద నుంచి దారి చూపేది గుల్పిలిలే.

1986లో ‘క్రొకొడైల్ డండీ’ వచ్చింది. అందులో ఆయన పాత్ర నెవిల్ చాలా చిన్నది, కానీ జనం గుర్తుపెట్టుకున్న పాత్ర. అడవిలో అర్ధరాత్రి ఒంటికి రంగులతో ప్రత్యక్షమవుతాడు. అమెరికా నుంచి వచ్చిన విలేకరి అతని ఫొటో తీయబోతే వద్దంటాడు. ఫొటో తీస్తే ఆత్మ పోతుందన్న నమ్మకం కాబోలు అనుకుంటుంది ఆమె. అసలు సంగతి ఏమిటంటే ఆమె కెమెరా లెన్సు మూత తీయలేదు. అదే అతను చెప్పాడు. తెగ తంతుకు వెళ్తున్నది కూడా నాన్న పోరు పడలేకే. ఆదివాసి అంటే ఇలాగే ఉంటాడు అని ముందే గీసిపెట్టుకున్న బొమ్మను రెండు నిమిషాల్లో చెరిపేసిన సన్నివేశం ఇది. హాస్యం చేయడంలో ఆయన టైమింగ్ ఎంత గొప్పదో ఇక్కడ తెలుస్తుంది. ఆ నైపుణ్యాన్ని తర్వాత ఎవరూ సరిగ్గా వాడుకోకపోవడం ఆస్ట్రేలియా సినిమాకు నష్టం.

ప్రపంచవ్యాప్తంగా 32 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన సినిమా అది. అందులో తనకు దక్కింది ఎంత తక్కువో ఆయన తర్వాత బాధగా చెప్పుకున్నారు. 1987లో ప్రభుత్వం ‘ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా’ గౌరవం ఇచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్లు చెప్పుకోదగ్గ పాత్ర ఒక్కటీ రాలేదు. ఊరు రామింగినింగ్‌లో ఆయన జీవితం ఎలా ఉందో 2002లో డార్లీన్ జాన్సన్ తీసిన డాక్యుమెంటరీ చూపించింది. రేకుల గుడిసె, వేటాడి తెచ్చుకున్న తిండి. అదే సమయంలో నగరాల్లో ఆయన సినిమాల ప్రీమియర్లు జరుగుతున్నాయి. ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి జాలి పడటం తేలిక. ఆ ఊళ్లో ఉండటం ఆయనకు శిక్ష కాదు, ఆ నేల ఆయనది. సంపాదించినది బంధువులందరితో పంచుకోవలసిన సమాజం అది. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. అంత డబ్బు తెచ్చిన సినిమాల్లో ఆయన వాటా ఎందుకు అంత చిన్నది? కెల్లీ ముఠా ట్రాకర్ల 50 పౌండ్ల లెక్క ఇక్కడ గుర్తుకు రాక మానదు.

2002 ఆయనకు మలుపు. ‘రాబిట్ ప్రూఫ్ ఫెన్స్’తో పాటు అదే ఏడాది రాల్ఫ్ డి హీర్ తీసిన ‘ద ట్రాకర్’ వచ్చింది. మొదటి సినిమా తర్వాత ముప్పై ఏళ్లకు పూర్తిగా తన భుజాల మీద నడిచే కథ దక్కింది. ఆ ఏడాది ఆస్ట్రేలియన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉత్తమ నటుడి అవార్డు ఈ పాత్రకే వచ్చింది.

కథ 1922లో జరుగుతుంది. ఒక తెల్ల మహిళను చంపాడని అనుమానిస్తున్న ఆదివాసి కోసం నలుగురు బయలుదేరుతారు. ఎవరికీ పేర్లు లేవు. ఉన్మాది, అనుభవజ్ఞుడు, అనుచరుడు, ట్రాకర్, అంతే. ఉన్మాది అంటే దళానికి నాయకత్వం వహించే పోలీసు అధికారి. దారిలో కనబడిన ఆదివాసులను కాల్చేస్తూ పోతాడు. ఆ చావులను దర్శకుడు నేరుగా చూపించలేదు. ఆ క్షణాల్లో తెర మీద పీటర్ కోడ్ వేసిన వర్ణచిత్రాలు వస్తాయి. వెనక ఆర్చీ రోచ్ పాట వినిపిస్తుంది. రోచ్ కూడా చిన్నతనంలో కన్నవాళ్ల నుంచి వేరు చేయబడిన ఆదివాసి.

ఈ సినిమాలో గుల్పిలిల్ నవ్వు చూడాలి. అధికారి ఏం చెప్పినా ‘బాస్’ అంటూ నవ్వుతాడు, తలూపుతాడు, పొగుడుతాడు. మొదట్లో ఇతను లొంగిపోయిన మనిషి అనిపిస్తుంది. కాసేపయ్యాక ఆ నవ్వులో ఏదో తేడా ఉందని తెలుస్తుంది. పారిపోయినవాడు ఎంత ముందున్నాడో, ఎటు తిరిగాడో చెప్పేది ఇతనొక్కడే. చెప్పింది నిజమో కాదో తేల్చుకునే చదువు గుర్రాల మీదున్న ముగ్గురికీ లేదు. మెడకు గొలుసు వేసి నడిపించినా దళాన్ని నడిపేది అతనే. నేలను చదవగలగడమే అక్కడ అధికారం. చివరికి ఆ గొలుసు ఎవరి మెడకు పడుతుందో, తీర్పు ఎవరు చెబుతారో సినిమా చూసిన వాళ్లు మరచిపోలేరు.

మూడూ, ఈ పేరులేని ట్రాకర్, ఇద్దరూ ఒకే ఏడాది వచ్చారు, ఇద్దరి ఉద్యోగమూ ఒకటే. కానీ ఒకరు రెండోవారికి నకలు కాదు. మూడూ నవ్వడు. అతని మౌనం ఉక్కిరిబిక్కిరి అయిన తండ్రి మౌనం. పిల్లల తెలివిని చూసి లోపల ఎక్కడో సంతోషించే మౌనం. ‘ద ట్రాకర్’లో మనిషి ఎక్కువ మాట్లాడతాడు, ఆ మాటల వెనకే దాక్కుంటాడు. ఒకే యూనిఫాంలో ఇంత తేడా చూపించడం గుల్పిలిల్ జీవితంలోనే పెద్ద విజయం. చరిత్ర ‘పట్టిచ్చినవాడు’ అని ముద్ర వేసిన మనిషికి ఆయన లోపలి జీవితాన్ని ఇచ్చారు. అతనికి ఏం తెలుసు, ఎంత చెప్పాడు, ఎందుకు దాచాడు అని ఆలోచించేలా చేశారు.

ఆ తర్వాత కూడా పరిశ్రమ అదే తలుపు తట్టింది. 2005లో ‘ద ప్రొపోజిషన్’లో మళ్లీ ట్రాకరే. 2008లో బాజ్ లుర్మన్ తీసిన ‘ఆస్ట్రేలియా’లో కింగ్ జార్జ్ అనే మంత్రశక్తుల తాత. కొండ అంచున ఒంటికాలి మీద నిలబడిన ఆ మనిషి చూడటానికి అద్భుతంగా ఉంటాడు. కానీ ఆ పాత్రకు ఒక ఇల్లు, ఒక కోపం, ఒక సరదా అంటూ ఏమీ లేవు. ‘ద ట్రాకర్’ వచ్చాక ఇలాంటి పాత్రకు తిరిగి వెళ్లడం వెనకడుగే.

అసలైన ముందడుగు ఒక పాత ఫొటోతో వచ్చింది. 1936లో డొనాల్డ్ థామ్సన్ అనే మానవ శాస్త్రవేత్త అరఫురా చిత్తడి నేలల్లో ఒక ఫొటో తీశాడు. చెట్టు బెరడుతో చేసిన పడవల మీద పదిమంది యోల్ంగు మనుషులు బాతు గుడ్ల వేటకు వెళ్తుంటారు. గుల్పిలిల్ ఆ ఫొటోను డి హీర్‌కు చూపించి, మనకు పది పడవలు కావాలన్నారు. అలా పుట్టింది 2006 నాటి ‘టెన్ కనూస్’. డి హీర్‌తో పాటు రామింగినింగ్‌కు చెందిన పీటర్ జిగిర్ దీనికి సహ దర్శకుడు. మొత్తం ఆదివాసీ భాషల్లోనే మాట్లాడిన తొలి ఆస్ట్రేలియా కథాచిత్రం ఇది. ముఖ్యపాత్ర చేసింది గుల్పిలిల్ కొడుకు జేమీ. కాన్‌లో ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ విభాగంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది.

గుల్పిలిల్ ఇందులో కనిపించరు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. అనగనగా చాలా దూరాన ఒక దేశంలో, అంటూ మొదలుపెట్టి తానే పకపకా నవ్వేస్తారు. అలా కాదు, ఇది మా కథ, మా పద్ధతిలో చెబుతాను అంటారు. మన పల్లెల్లో కథ చెప్పే తాతయ్య కూడా ఇలాగే పిల్లలను ఊరించి, పక్కదారి పట్టించి, మళ్లీ కథలోకి తీసుకొస్తాడు. ‘వాకబౌట్’లో సబ్‌టైటిల్స్ కూడా లేని కుర్రవాడు 35 ఏళ్ల తర్వాత కథకుడయ్యాడు. ఈసారి తెల్లవాళ్లు కథలోనే లేరు, దారి చూపవలసిన అవసరమూ లేదు.

ఇక్కడ దాటేయకూడని విషయం ఒకటుంది. 2011లో భార్య మీద దాడి చేసి గాయపరిచినందుకు గుల్పిలిల్‌కు జైలు శిక్ష పడింది. తాగుడు చాలా ఏళ్లుగా ఆయనను తినేస్తోంది. ఇది వలస పాలన చేసిన గాయం అని చెప్పి చేతులు దులుపుకుంటే దెబ్బ తిన్న ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. గొప్ప నటుడు కాబట్టి మరచిపోదాం అనడమూ తప్పే. ఆయన చేసింది ఆయన చేసిందే. ఆ జైల్లోనే డి హీర్ వచ్చి కలిశారు. ఇద్దరూ మాట్లాడుకుంటూ ‘చార్లీస్ కంట్రీ’ కథ రాశారు.

2013లో తయారై, 2014లో కాన్‌లో ఆడిన ఈ సినిమాలో చార్లీ తన ఊళ్లో తానే పరాయివాడు. 2007 నుంచి నార్తర్న్ టెరిటరీ ఆదివాసీ ఊళ్లలో కేంద్ర ప్రభుత్వం పెట్టిన మద్య నిషేధం, పోలీసు పహారా, కొత్త నియమాలు కథకు నేపథ్యం. చార్లీ, అతని స్నేహితుడు ఒక దున్నను వేటాడితే లైసెన్సు లేదని తుపాకులు లాక్కుంటారు. సరేనని ఈటె చెక్కుకుంటే అది ప్రమాదకరమైన ఆయుధమని దాన్నీ తీసుకుపోతారు. తెల్ల పోలీసులు అతన్ని జాడ తీయడానికి కూడా పిలుస్తారు. ఆ పని చేసి పెడతాడు, వాళ్లతో సరదాగా తిట్టుకుంటాడు, దానికి బదులుగా మాత్రం ఏమీ దక్కదు. ఇక చాలని అడవికి వెళ్లిపోతాడు. కొన్నాళ్లు చేపలు కాల్చుకుని హాయిగా ఉంటాడు. వాన మొదలవగానే జబ్బు పడతాడు. డార్విన్ ఆసుపత్రి, తాగుడు, జైలు, ఒకదాని తర్వాత ఒకటి.

జైల్లో చార్లీ తల గొరిగే దృశ్యం ఉంది. కెమెరా కదలదు. నెరిసిన జుట్టు, గడ్డం కింద పడుతుంటాయి. గుల్పిలిల్ ఏ భావమూ చూపించకుండా ఎదురుగా చూస్తూ కూర్చుంటారు. నలభై ఏళ్ల కిందట నాట్యంలో నేర్చుకున్న ఆగడం ఇక్కడ పూర్తిగా వేరే పని చేస్తుంది. అప్పుడు ఆగిన ఒంట్లో దూకబోయే శక్తి ఉండేది. ఇప్పుడు దూకడానికి చోటు లేని మనిషి కూర్చున్నాడు. తన జీవితంలో జరిగినదాన్ని, తాను చేసినదానితో సహా, ఇంత నిజాయితీగా తెర మీద పెట్టిన నటులు ఏ దేశంలోనైనా తక్కువ. చార్లీని ఆయన ఎక్కడా వెనకేసుకు రాలేదు. కాన్‌లో ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ ఉత్తమ నటుడి బహుమతి దీనికే వచ్చింది.

1973లో సిడ్నీ ఒపెరా హౌస్ ప్రారంభమైనప్పుడు ఎలిజబెత్ రాణి ముందు నాట్యం చేసిన జ్ఞాపకాన్ని చార్లీ పదే పదే తలుచుకుంటాడు. చివర్లో ఊరికి తిరిగొచ్చి పిల్లలకు నాట్యం నేర్పుతాడు. రాణి ముందు ఆడిన అడుగులే ఇప్పుడు తన పిల్లల ముందు ఆడుతున్నాడు. చూసేవాళ్లు మారారు, ఆ మార్పే ఈ సినిమా.

టీవీలో ఆయన చివరి చెప్పుకోదగ్గ పాత్ర అమెరికా సిరీస్ ‘ద లెఫ్టోవర్స్’ మూడో సీజన్‌లో, 2017లో వచ్చింది. ప్రళయాన్ని ఆపే పాట నేర్పమని ఒక తెల్ల ముసలాయన క్రిస్టఫర్ సండే అనే ఆదివాసీ పెద్ద దగ్గరకు వస్తాడు. గుల్పిలిల్ ఉన్నది కాసేపే. పాటను అంత తేలిగ్గా ఇవ్వని మనిషిగా ఆయన చూసే చూపులో మూడూ మళ్లీ కనిపిస్తాడు. 2019లో ‘స్టార్మ్ బాయ్’ను మళ్లీ తీసినప్పుడు ఫింగర్‌బోన్ బిల్ పాత్ర ట్రెవర్ జేమీసన్ చేశారు, ఆ బిల్‌కు తండ్రిగా గుల్పిలిల్ నటించారు.

అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. వైద్యం కోసం సొంత నేలకు చాలా దూరంగా, దక్షిణ ఆస్ట్రేలియాలోని మరీ బ్రిడ్జ్‌లో ఉండవలసి వచ్చింది. అక్కడే మాలీ రేనాల్డ్స్ దర్శకత్వంలో ‘మై నేమ్ ఈజ్ గుల్పిలిల్’ తయారైంది. తన చావు గురించి, తాను లేనప్పుడు ఈ సినిమా చూసేవాళ్ల గురించి ఆయన కెమెరాతో నేరుగా మాట్లాడతారు. ఆ చిత్రానికి ఆయన కూడా ఒక నిర్మాత. ‘గుంపిలిల్’ అని తప్పు అచ్చయిన యాభై ఏళ్లకు వచ్చిన ఆ సినిమాకు ఆయన పేరే శీర్షిక.

2021 నవంబరు 29న ఆయన కన్నుమూశారు. చనిపోయిన మనిషి పేరును కొంతకాలం పలకకూడదన్నది యోల్ంగు ఆచారం. కుటుంబం కోరిక మేరకు మొదటి కొద్ది రోజులు పత్రికలు ఆయనను డేవిడ్ దలైత్ంగు అని రాశాయి. ఆ తర్వాత కుటుంబం అనుమతితోనే గుల్పిలిల్ అన్న పేరు మళ్లీ అచ్చయింది. తనను గుపులుల్‌లో, సొంత నేలలో పూడ్చాలని ఆయన కోరుకున్నారు. మరీ బ్రిడ్జ్ నుంచి అక్కడికి దేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరం దాకా దాటి వెళ్లాలి. చిత్తడి నేలల మధ్య మారుమూల చోటు అది. 2022లో బంధువులు ఆయనను అక్కడికి చేర్చారు. ఆ ప్రయాణంలో దారి చూపినవాళ్లు ఆయన మనుషులే.